పగిలినవే కట్టే చెట్టు

మా పెద్దమ్మ పింగాణీ సామాను కొట్టులో ప్యాకింగ్ చేసేది. ఎవరైనా అడిగితే "ఏదో, పేపర్లు చుట్టే పని" అని తేల్చేసేది. చూసినవాణ్ణి కాబట్టి నేను అలా తేల్చలేను. కప్పు తీసుకునేది, చెవిలోంచి కాగితం దూర్చి మెలిపెట్టేది, కడుపులో ఓ కాగితం ఉండ కూరేది, అప్పుడు పసిబిడ్డకి పొత్తిగుడ్డ చుట్టినట్టు చుట్టి పెట్టెలో పెట్టేది. పళ్ళేల్ని పడుకోబెట్టేది కాదు, పుస్తకాల్లా నిలబెట్టేది. పడుకున్న పళ్ళెం పైబరువుకి చచ్చిపోతుందట, నిలబడ్డది ఎంత దూరమైనా పోతుందట. మూత అంటించాక పెట్టెని చెవి దగ్గర పెట్టుకుని ఒక్కసారి ఊపేది. లోపల ఏ కాస్త కదిలినట్టు వినపడినా మొత్తం విప్పి మొదట్నించీ మొదలు. ఓనరు ఆవిడకి దూదిచేతులు అని పేరు పెట్టాడు. "దూదిచేతులక్కా, ఈ దీపం రైలెక్కాలంట" అంటే చాలు, ఆ దీపం బతికిపోయినట్టే.

పెద్దమ్మ పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని చిన్నప్పుడు అడిగాను. "వచ్చినవాళ్ళెవరూ పెట్టెలో పట్టలేదురా" అంది. ఇంకోసారి అడిగితే వీపు మీద ఒక్కటేసింది. అందుకని ఆ సంగతి నాకింతే తెలుసు.

అలాంటి మనిషి పోయి పోయి మా అమ్మ పుట్టింట్లో పుట్టింది. ఆ ఇంట్లో మిగతావాళ్ళంతా చేతులకి వెన్న రాసుకుని పుట్టారు. మా అమ్మ తలుపు తీస్తే గడియ చేతికొస్తుంది. మావయ్య కుర్చీలో కూర్చుంటే కుర్చీ ముందు ఏడుస్తుంది, తర్వాత విరుగుతుంది. వీళ్ళందరికీ గురువు తాతయ్య. పెళ్ళయిన మొదటి క్రిస్మస్‌కి ఆయన చెట్టుకి కట్టడానికని ఓ పెట్టెడు గాజు బంతులు కొన్నాడట. బస్సులో ఆ పెట్టెని భద్రంగా పక్క సీట్లో పెట్టుకున్నాడు. ఇంతలో ఓ ముసలావిడ ఎక్కింది. తాతయ్య మర్యాదగా లేచి, ఆవిడకి తన సీటిచ్చి, తను పక్క సీట్లో కూర్చున్నాడు. పెట్టె మీద.

ఇంటికొచ్చి నోరు విప్పలేదు. అమ్మమ్మ పెట్టె తెరిచి చూసింది. అరవలేదు. పెంకులన్నీ పళ్ళెంలో పోసి, దారం రీలు తెచ్చి ఆయన ముందు పెట్టింది. "చేసినవాళ్ళే కట్టాలి. కడుతూ ఎలా చేశారో చెప్పాలి" అంది. తాతయ్య ఒక్కో పెంకూ కడుతూ ఒక్కోసారి అదే కథ చెప్పాడు. అమ్మమ్మ నవ్వలేక మంచానికి అడ్డంగా పడింది. దీపాలు వేశాక చూస్తే ఆ పెంకులు నిండు బంతులకన్నా బాగా మెరిశాయట. అయినా తనొక్కడే నవ్వులపాలై ఊరుకోవడం తాతయ్యకి నచ్చలేదు. మరుసటేడు అమ్మమ్మ టీ కూజా మూతి ఊడగొట్టడమే ఆలస్యం, దాన్ని ఇంటి చట్టం చేసి పారేశాడు.

చట్టం ఏమిటంటే, ఆ ఏడాది ఇంట్లో ఏది పగిలినా ఓ ముక్క దాచాలి. చెట్టు పెట్టే రోజున పగలగొట్టినవాళ్ళే తమ చేత్తో కట్టాలి, పక్కవాళ్ళు సాయం పట్టకూడదు. కడుతూ జరిగింది జరిగినట్టు చెప్పాలి. వినేవాళ్ళు నవ్వచ్చుగానీ తిట్టకూడదు. కట్టడం అయిపోగానే అందరూ గరిటెలతో కంచాలు వాయించాలి, ఆ తర్వాత ఆ సంగతి జన్మలో ఎత్తకూడదు. కావాలని పగలగొట్టింది చెల్లదు. కొత్త ముక్క ఒక్కటీ లేకపోతే ఆ ఏడు చెట్టే లేదు. ఈ చివరి మాట తాతయ్య ధీమాగా అనేశాడు. మా ఇంట్లో ఏదీ పగలని ఏడాది ఒకటి ఉంటుందని ఆయన కలలో కూడా అనుకుని ఉండడు.

అలా మా చెట్టు పెరిగింది. మిగతా ఇళ్ళల్లో చెట్టుకి గంటలు, దేవదూతలు వేలాడతాయి. మా చెట్టుకి తాతయ్య ఎర్ర గాజు బంతి సగం, గుడ్డు పెంకులాగా. దాని పక్కన అమ్మమ్మ టీ కూజా మూతి. తాతయ్య కళ్ళజోడు కాలు ఒకటి, రెండో కాలు మరుసటేడుది. మావయ్య విరగ్గొట్టిన రేడియో మర. అమ్మ నడుం కింద నలిగిన దువ్వెన. బొమ్మ చెయ్యి ఒకటి, అది ఎవరి బొమ్మో దాని మీద ఇప్పటికీ గొడవే. నాది కిటికీ అద్దం ముక్క. నాది అందరికన్నా బాగా మెరుస్తుంది. ఎలా పగిలిందో మాత్రం ఇక్కడ చెప్పను, ఒకసారి కట్టేశాక ఎత్తకూడదు కదా.

ఇంత చెట్టులో పెద్దమ్మది ఒక్క ముక్క లేదు. చిన్నప్పుడు దానికి ఏడ్చేదట. అందరూ వంతులవారీగా కట్టి కథలు చెబుతుంటే, తను దారం ముక్కలు కత్తిరించి అందించేది. ఓసారి ఉండబట్టలేక గంజి పళ్ళెం ఒకటి నెత్తి దాకా ఎత్తి వదిలేసిందట. తాతయ్య తలుపు దగ్గర్నించి చూశాడు. "ఇది పగలడం కాదమ్మా, పగలగొట్టడం" అన్నాడు. ముక్కలు చెత్తలోకి పోయాయి. ఆ తర్వాత పెద్దమ్మ మళ్ళీ ప్రయత్నం చెయ్యలేదు. పగలగొట్టడం చేతకానప్పుడు తీర్పు చెప్పేవాళ్ళయినా అవ్వాలి కదా, అదయింది. ఎవడు కట్టినా పక్కన నిలబడి, "అబద్ధం. మళ్ళీ చెప్పు" అనేది. మా మావయ్య ఇప్పటికీ ఆవిడ ముందు రేడియో అన్న మాట ఎత్తడు.

తాతయ్యా అమ్మమ్మా పోయాక చెట్టు పెట్టె ఎవరి దగ్గరుండాలన్నదానికి పెద్దగా చర్చ జరగలేదు. మా అమ్మ దగ్గరుంటే పెంకులు పొడైపోతాయి. పెద్దమ్మ దాన్ని తన రెండు గదుల అద్దెవాటాకి తీసుకెళ్ళింది. చెట్టున్న ఇల్లే చట్టానికి ఇల్లు కాబట్టి, అప్పట్నించి అక్కడ పగిలినవే లెక్క. ఒక్కో ముక్కనీ కొట్టులో సామానులాగే చుట్టి పెట్టింది. ఒకసారి పగిలినవి ఆవిడ చేతిలో మళ్ళీ పగల్లేదు. ఏటా క్రిస్మస్‌కి ముందు ఆదివారం ఫోన్ చేసేది. "చెట్టు పెడుతున్నా. మీ మీ నేరాలు ఒప్పుకోడానికి రండి."

మొదట్లో అందరం వెళ్ళేవాళ్ళం. తర్వాత తర్వాత పల్చబడ్డాం. అమ్మకి మోకాలు, మావయ్యకి బండి బాగోదు, ఇంకొకళ్ళకి పిల్లల పరీక్షలు. ఇవన్నీ నిజాలే. అసలు నిజం మాత్రం అత్తయ్య ఒకసారి మా వంటింట్లో అనేసింది. "వదినింటికి పిల్లల్ని తీసుకెళ్తే పద్దాకా చేతులు ఒళ్ళో పెట్టుకు కూర్చోమంటుంది. గ్లాసు తీస్తే వెనకాలే చెయ్యి పట్టుకు నడుస్తుంది. పోయినసారి మా చిన్నది గట్టిగా తుమ్మితే షోకేసు తలుపేసింది." మేమంతా నవ్వాం. అత్తయ్య అన్నదాంట్లో తప్పు లేదు. పెద్దమ్మ ఇంట్లో మనిషికన్నా కప్పుకి మర్యాద ఎక్కువ. కాకపోతే ఎవరూ రాని ఇంట్లో ఏమీ పగలదు. ఆ లెక్క మాకు తట్టలేదు.

మొన్నటి క్రిస్మస్‌కి ఫోన్ రాలేదు.

ఆదివారం ఉదయం అమ్మ ఫోన్‌కేసి చూస్తూ కూర్చుంది. "అక్క మర్చిపోయి ఉంటుందా?"

"పెద్దమ్మ మర్చిపోవడమేంటి. నువ్వు పదేళ్ళప్పుడు పగలగొట్టిన సీసా రంగు కూడా చెబుతుంది" అన్నాను.

"పోనీ చెయ్యనా? చేస్తే రమ్మంటుంది. ఈ మోకాలుతో ఆ మెట్లు..." అని, నావైపు చూసింది. నావైపు అలా చూసిందంటే నేను చెప్పులేసుకోవాలని అర్థం. "నువ్వెళ్ళి చూసిరా. ఈ కేకు ఇచ్చిరా. డబ్బా జాగ్రత్త, మూత ఊడుతుంది."

మూత ఊడింది. అది వేరే సంగతి.

పెద్దమ్మ తలుపు తీసింది. ఒంటి మీద శాలువా, రెండు చేతులూ శాలువా లోపల. "కేకు కింద పడేశావా?" అంది, డబ్బా చూడకుండానే.

"మూతే పడింది."

"మీ అమ్మ కొడుకువి. రా."

గదిలో చెట్టు లేదు. చెట్టు ఉన్న పొడుగాటి అట్టపెట్టె బీరువా మీదే ఉంది, పురికొస కూడా విప్పలేదు. కిటికీ దగ్గర చెట్టు పెట్టే స్టూలు మాత్రం తుడిచి ఉంది. దాని మీద ఏమీ లేదు.

"ఏంటి పెద్దమ్మా, ఫోన్ చెయ్యలేదు? అమ్మ నీకు కోపం వచ్చిందనుకుంటోంది."

"కోపం ఎవరి మీద? ఈ ఏడు చెట్టు లేదు."

"ఎందుకు లేదు?"

"ఏం పగల్లేదుగా. ఎవరు వచ్చారని పగలడానికి?" మామూలుగానే అంది, కరెంటు లేదన్నట్టు. "మీ తాతయ్య రూలు. నాదేం లేదు ఇందులో."

నాకు పరిష్కారం దొరికిపోయింది. ఇంట్లో ఏదో ఒకటి పగలాలి, అంతే కదా. దేవుడు నాకు ఆ ఒక్క విద్యా దండిగా ఇచ్చాడు. దాహం అన్నాను, గాజు గ్లాసు అడిగాను. కుండ పక్కనే ఉంది, తీసుకోమంది. తాగాక టేబుల్ అంచున పెట్టి, పేపరు తిరగేస్తూ మోచేత్తో చిన్నగా ఒక్కటిచ్చాను. గ్లాసు కింద పడింది, మందపాటి తివాచీ మీద దొర్లి, క్షేమంగా మంచం కిందకి పోయింది. నేను నాలుగు కాళ్ళ మీద వెళ్ళి తెచ్చుకోవాల్సి వచ్చింది.

"తివాచీ ఎప్పుడు కొన్నావ్?"

"ఈ మధ్యే. కాళ్ళకి చలిగా ఉందని."

ఊరుకుంటానా. కిటికీ గట్టు మీద పూలకప్పు ఒకటి ఉంది. కర్ర కుర్చీ ఎక్కి, "ఇక్కడ సాలెగూడు పట్టింది పెద్దమ్మా" అంటూ మోకాలితో తోశాను. కప్పు గాల్లోకి లేచింది. నిజానికి నేను ఆశ పెట్టుకోకూడదు. గాల్లో ఉన్న కప్పుని పెద్దమ్మ ఎప్పుడూ కింద పడనివ్వలేదు. మా చిన్నప్పుడు బల్ల ఇవతల కూర్చుని, అవతల పడబోయిన గ్లాసుని మాట ఆపకుండా పట్టుకునేది. ఆ రోజు కూడా చెయ్యి శాలువాలోంచి సర్రున వచ్చింది. సరిగ్గా కప్పు దగ్గరికే వచ్చింది. వేళ్ళు మూసుకోలేదు. కప్పు అరచేతికి తగిలి, పక్కనే ఉన్న దిండు మీద పడింది.

కప్పు పగల్లేదు. మేమిద్దరం దానికేసి చూశాం. పెద్దమ్మ చెయ్యి మళ్ళీ శాలువాలోకి వెళ్ళిపోయింది.

"కావాలని చేస్తే చెల్లదురా. తాతయ్య పోయాడుగానీ రూలు పోలేదు" అంది. మామూలుగా అయితే నా చెవి మెలిపెట్టి మరీ చెప్పాల్సిన మాట. దూరంగా కూర్చునే చెప్పింది. "టీ పెట్టుకో పో. నాకూ పొయ్యి."

అక్కడ నాకు ఏదో తేడా కొట్టింది. పెద్దమ్మ తన వంటింట్లోకి నన్ను ఒంటరిగా పంపడమంటే, బ్యాంకువాడు తాళాలిచ్చి టీ తాగిరావడానికి వెళ్ళినట్టు. వెళ్ళి చూస్తే అలమరలో ప్లాస్టిక్ కప్పులు. రంగురంగులవి, పిల్లల పుట్టినరోజులకి కొనే రకం. పింగాణీ సామానంతా ఏదని చూస్తే గోడ వారన నేల మీద అట్టపెట్టెలు. అన్నీ అంటించి, పురికొస కట్టి ఉన్నాయి.

"ఇల్లు మారుతున్నావా పెద్దమ్మా?"

"లేదే."

"మరి ఇదంతా?"

"దుమ్ము పడుతోందని."

పైన విడిగా చిన్న పెట్టె ఒకటి ఉంది. చెవి దగ్గర పెట్టుకుని ఆవిడలాగే ఊపి చూశాను. ఏ చప్పుడూ లేదు. ఇలాంటివి చూస్తే నా చెయ్యి ఆగదని ఇంటిల్లిపాదికీ తెలుసు. పురికొస విప్పాను. లోపల కాగితం పొట్లాలు. ఒకటి విప్పితే నీలి అంచున్న పెంకు. ఇంకోటి విప్పితే ఇంకో పెంకు, దానికి చెవి ఉంది. అమ్మమ్మ చక్కెర గిన్నె. ఒక్కో పెంకునీ విడివిడిగా, మూలలకి మెత్త పెట్టి, మళ్ళీ పగలకుండా చుట్టింది. వరసలు మాత్రం కుదురుగా లేవు. కొన్నిచోట్ల కాగితం చిరిగి, మళ్ళీ చుట్టి, మళ్ళీ చిరిగి ఉంది.

పెట్టెతో గదిలోకొచ్చాను. పెద్దమ్మ నన్ను చూడలేదు, పెట్టెని చూసింది.

"ఇది పగిలిందిగా" అన్నాను. "ఎవరు పగలగొట్టారు?"

"పిల్లి."

"నీకు పిల్లి లేదు."

"పక్కింటి పిల్లి."

"అబద్ధం. మళ్ళీ చెప్పు" అన్నాను. సరదాకే అన్నాను, ఇన్నేళ్ళ బాకీ తీరుతుంది కదా అని. పెద్దమ్మ నవ్వలేదు.

శాలువాలోంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. కుడిచేతి వేళ్ళు తమంతట తాము ఏదో లెక్కపెడుతున్నట్టు కదులుతున్నాయి. "వానలప్పట్నించి" అంది. "వణుకు సరే, అదొకటీ అయితే పట్టు బిగించుకోవచ్చు. బరువు తెలియడం లేదురా. చేతిలో ఉందో లేదో చెయ్యి చెప్పదు, కళ్ళతో చూసుకోవాలి."

"కొట్టులో తెలుసా?"

"పల్చటి గాజు నాకివ్వద్దన్నాను, కళ్ళు సరిగ్గా కనపడ్డం లేదని. కప్పులు గుండెకి ఆనించుకుని చుడుతున్నాను. ఇప్పటిదాకా ఒక్కటీ పోలేదు."

"డాక్టరుకి చూపించావా?"

"చూపించాను. పేరు చెప్పాడు. పేరు తెలిస్తే తగ్గుతుందేమిటి?"

పెట్టెని ఆవిడ ముందుకి జరిపాను. "ఇన్నేళ్ళూ చెట్టుకి నీది ఒక్కటీ లేదని ఏడ్చావు కదా. ఇప్పుడు వచ్చింది. దాచేస్తావేంటి?" అన్నాను.

"కడితే చెప్పాలి. మీ అమ్మ ముందు, మీ మావయ్య ముందు. ఉన్నదున్నట్టు. అందరి ముందూ చెప్పాక ఇంక అది అబద్ధమవడానికి వీల్లేదుగా." శాలువా సర్దుకుంది. "చెట్టు పెట్టకపోతే ఏమీ జరగనట్టే."

"ఇప్పుడు వాళ్ళు లేరు. నేనే ఉన్నాను."

"నువ్వు ఊరంతా ఊదుతావు."

"ఊదుతాను. అయినా నా మాట ఎవరు నమ్ముతారు?"

దానికి మాత్రం పెదవి కాస్త కదిలింది. అదే సందని కుర్చీ ఎక్కి బీరువా మీంచి చెట్టు దించాను. స్టూలు మీద నిలబెట్టి, కొమ్మలు విప్పాను. పాత ముక్కలున్న పెట్టె తెరిచి, ఒక్కోటీ ఆవిడ చెప్పిన చోటల్లా కట్టాను. పాతవి ఎవరు కట్టినా ఫరవాలేదు, కొత్తదానికే రూలు. "తాతయ్యది పైకి. ఆయనకి ఎత్తు ఇష్టం." "మీ మావయ్యది వెనక్కి, వాడికి సిగ్గు." ఆ కాసేపూ పాత పెద్దమ్మే.

తర్వాత చక్కెర గిన్నె చెవి ఉన్న పెంకు తీసి ఆవిడ చేతిలో పెట్టాను. అరచేతిలో పడిందో లేదో చూసుకుని వేళ్ళు మూసింది. దారం అందించాను.

చెవిలోంచి దారం దూరదు. ఒకసారి పక్కకి పోయింది, ఒకసారి వెనక్కి వచ్చింది. పళ్ళతో పట్టుకుని లాగింది. ముడి వేయబోతే పెంకు జారి తివాచీ మీద పడింది. నేను వంగి తీసిచ్చాను. మళ్ళీ పడింది. ఇంక ఉండలేక నేను చెయ్యి చాపాను.

"ముట్టుకోకు" అంది. "చేసినవాళ్ళే కట్టాలి."

ఎలాగో కట్టింది. ముడి చూస్తే ముడిలా లేదు, దారం చిక్కుపడ్డట్టుంది. చెట్టు వైపే చూస్తూ చెప్పడం మొదలుపెట్టింది. ఇన్నేళ్ళూ మమ్మల్ని నిలబెట్టి చెప్పించిన మనిషికి తన వంతు వస్తే గొంతు పిల్లదానిలా అయిపోయింది.

"సాయంత్రం. టీ పెట్టుకున్నాను. చక్కెర గిన్నె తీశాను. ఎవరూ తోయలేదు, కాలు జారలేదు, తడి లేదు. చేతిలో ఉందనుకున్నాను, లేదు. చప్పుడైంది." కాస్త ఆగింది. "చప్పుడవగానే గట్టిగా, ఎవరది, అని అరిచాను."

నేను నవ్వాను. నవ్వచ్చు కదా, రూలే.

"అలవాటురా. ఈ ఇంట్లో ఏది పగిలినా నేను అరవడం, మీలో ఎవడో ఒకడు తలుపు చాటునుంచి నేను కాదు అనడం. అరిచి, అలాగే నిలబడ్డాను. ఎవడో ఒకడు అంటాడని చూశాను. కాసేపు నిజంగానే చూశాను."

చెప్పడం అయిపోయిందని అర్థమై, వంటింట్లోంచి కంచం, గరిటె తెచ్చి వాయించాను. అందరం వచ్చినప్పుడు ఆ మోత చెవులు పగిలేట్టు ఉండేది, అరడజను కంచాలు ఒక్కసారి మోగితే కింద వాటావాళ్ళు మెట్లెక్కి వచ్చేవాళ్ళు. ఒక్క కంచం, ఒక్క గరిటె అయితే ఎవరో అన్నం కోసం తొందరపెడుతున్నట్టుంది. అయినా చేతులు నొప్పెట్టేదాకా వాయించాను. పెద్దమ్మ, "చాల్లే" అంది.

ఫోన్ తీసి అమ్మకి కలిపి, స్పీకర్ పెట్టాను. "అమ్మా, చెట్టు పెట్టాం. కొత్తది ఎవరిదో చెప్పు."

"నీదే అయ్యుంటుంది. ఏం పగలగొట్టావురా?"

"నాది కాదు. పెద్దమ్మది."

అవతల నవ్వు. మా అమ్మ నవ్వితే ఆగదు. "అక్కా, నువ్వే? ఏది, అమ్మ చక్కెర గిన్నా? నేను ముట్టుకుంటే చేతులు విరగ్గొడతానన్నావు కదే. ఎలా పగిలింది?"

"చేయి జారిందే" అంది పెద్దమ్మ.

"ఇన్నాళ్ళకి మా గుంపులో కలిశావు. తమ్ముడికి చెబితే పండగ చేసుకుంటాడు. సరే అక్కా, పొయ్యి మీద ఏదో ఉంది. పండగయ్యాక తీరిగ్గా వస్తాలే. ఈ మోకాలు ఒకటి."

"మోకాలికి కాపడం పెట్టుకో."

నేను నోరు తెరిచాను. పెద్దమ్మ నావైపు చూసి తల అడ్డంగా ఊపింది. ఫోన్ పెట్టేశాక, "చూశావా, అబద్ధం చెప్పలేదు" అంది.

మావయ్య సాయంత్రమే ఫోన్ చేసి ఒక విడత నవ్వాడట. అత్తయ్య కూడా. ఎలా జరిగిందని అడిగారు, చేయి జారిందంటే నమ్మారు. చేయి జారడం మా ఇంట్లో రోగమని ఎవరూ అనుకోరు, అది వంశాచారం. పండగ రోజు నేనొక్కణ్ణే వెళ్ళాను. దీపాలు వేసి ఉన్నాయి. పెద్దమ్మ చెట్టు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. నేను రాకముందు ఎంతసేపట్నించి అలా కూర్చుందో అడగలేదు. ప్లాస్టిక్ కప్పుల్లో టీ తాగాం. పసుపు కప్పు నాకిచ్చింది, "పిల్లలది నీకే" అని.

పండగయ్యాక కొట్టు తెరిచిన రోజే ఓనరుకి చెప్పేసింది. నేను చెప్పమనలేదు, ఎవరూ చెప్పమనలేదు. చెట్టుకి కట్టేసింది కదా, ఇంక దాచడం కుదరదనుకుందో ఏమో. ఆయన మంచివాడే. కళ్ళల్లో నీళ్ళు పెట్టుకున్నాడట. "ఇన్నేళ్ళు చేశావు, ఇంక కూర్చో దూదిచేతులక్కా" అన్నాడట. ఎక్కడ కూర్చోవాలో మాత్రం చెప్పలేదు. నెల గడిచేదాకా రానిచ్చాడు. ఆ తర్వాత ఇంట్లోనే.

చెట్టు ఎప్పుడూ కొత్త సంవత్సరం వచ్చిన వారానికల్లా తీసేది. ఈసారి తీయలేదు. ఫిబ్రవరి కూడా వచ్చేసింది. నేను వెళ్ళినప్పుడల్లా చూస్తున్నాను, పెంకుల మీద దుమ్ము. చివరికి ఒక రోజు, "ఒరేయ్, ఖాళీగా ఉంటే ఇవి చుట్టిపెట్టరా" అంది.

పాత పేపర్లు తెచ్చి నేల మీద కూర్చున్నాను. పెద్దమ్మ కుర్చీలో, చేతులు శాలువాలో. తాతయ్య ఎర్ర పెంకు తీసుకుని పేపర్లో పొట్లం కట్టినట్టు కట్టి పెట్టెలో పడేశాను. పడేసిన చప్పుడు వినపడింది. కళ్ళెత్తి చూశాను. ఏమీ అనలేదు. దువ్వెన మీద టీ కూజా మూతి పెట్టాను, మధ్యలో కాగితం వెయ్యకుండా. ఇంతకంటే పెద్ద తప్పు ఆ విద్యలో ఉండదు. కావాలనే చేశాను. వీపు మీద ఒక్కటి పడుతుందని వీపు సిద్ధంగా పెట్టుకున్నాను కూడా.

"ఇలాగేనా పెద్దమ్మా?" అన్నాను.

ఆవిడ పెట్టెలోకి చూసింది. మూతి, దువ్వెన, నా అద్దం ముక్క, అన్నీ ఒకదాని మీద ఒకటి. శాలువా లోపల చేతులు కదిలాయి, ఎవరో కప్పుకి కాగితం చుడుతున్నట్టు.

"బాగానే ఉందిరా" అంది. "మూతేసెయ్."